పెదాల మీద పాట

పాట అంతా ఉంది, మొదటి మాట ఒక్కటే లేదు. రాగం ఉంది, తాళం ఉంది, ఎక్కడ ఊపిరి తియ్యాలో ఉంది, రెండో వరస చివర ఎడమ కాలితో స్టేజీ చెక్క మీద ఒక్క తాపు తన్నాలన్నదీ ఉంది, అక్కడ హెన్రీ గిటారు మీదకి వంగి నావైపు చూసి కన్ను కొడతాడన్నదీ ఉంది. మొదటి మాట లేకపోయేసరికి మిగతా మాటలూ రావడం లేదు. ఇల్లు ఇల్లుగానే ఉండి లోపల మనుషులు వెళ్ళిపోయినట్టుంది. స్టేజీ వెనక గదిలో ఇనప కుర్చీ మీద కూర్చుని ఉన్నాను. గోడకవతల ఎవడో డ్రమ్ము సరిచేస్తున్నాడు, ధమ్మని కొట్టినప్పుడల్లా కిటికీ అద్దం వణుకుతోంది. ఇంకాసేపట్లో నన్ను పిలుస్తారు. ఒక్క పాట పాడాలి. మా బాయిలర్స్ బ్యాండుకి పేరు తెచ్చిన పాట, నా జుట్టు నల్లగా ఉన్నప్పుడు నేనే కట్టిన పాట, ఎవరూ కాగితం మీద రాసి పెట్టుకోని పాట. రాసే అలవాటు మాకు లేదు. నాకు రాయడం అంతంతమాత్రం, మూడో తరగతితో సరి. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివేలోపు పాట పక్క స్టేషను కలైకుండ దాటిపోతుంది. అందుకని నోట్లోనే ఉంచుకున్నాను ఇన్నాళ్ళూ. నోట్లో ఉన్నది ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.

వెతక్కూడదు. వెతికితే రాదు, వేరే ఏదైనా చూస్తూ కూర్చుంటే అదే వస్తుందని అన్నమ్మ చెప్పింది. తాళంచెవి పోయినప్పుడు చెప్పిన మాట అది, పాట గురించి కాదు. పాట గురించి అన్నమ్మకి తెలీదు. కట్టుకున్న మనిషికే చెప్పలేదు, ఇంకెవరికి చెప్తాను. అందుకే కిటికీలోంచి చూస్తున్నాను. సందుకవతల బెంగాలీ దీదీ టీ కొట్టు, కొట్టు ముందు బెంచీ, బెంచీ మీద జగ్గారావు, వాడి పక్కన జెర్రీ. మాటలు వినపడవు, అద్దం వేసి ఉంది, డ్రమ్ము ఒకటి, పైగా నా కుడిచెవి ఏనాడో పోయింది. కానీ నోళ్ళు కనపడుతున్నాయి, నాకు అది చాలు. రైలింజన్లు బాగుచేసే వర్క్‌షాపులో బాయిలర్ షాపు వాళ్ళం మేము. బాయిలర్ కడుపులో ఒకడు దూరి రివిట్టు మేకు పట్టుకుంటే బయటినించి ఇంకొకడు సుత్తి వేసేవాడు, ఆ మోతలో అరిచినా దండగే. పెదాలు కదిపితే చాలు, షాపు ఈ చివరినించి ఆ చివరికి బూతులూ, అన్నం కబుర్లూ, ఫోర్‌మేన్ వస్తున్నాడన్న కబురూ గొంతు లేకుండానే నడిచేవి. ఆ షాపులో చేరినాకే నేను మాట తగ్గించినానని అన్నమ్మ అంటుంది. కాదు, ముందునించీ అంతే. మేష్టారు లేచి చెప్పమంటే చెప్పలేక బడి మానేసినవాణ్ణి. మాటాడమంటే రాదు, పాడమంటే వచ్చును. ఇప్పుడు అదీ పోతే ఇంక నా దగ్గర ఏముంటుంది.

జగ్గారావు చేతులు ఊపుతున్నాడు. నాతోపాటు అదే షాపులో ఫిట్టరు, మా బ్యాండు మొదటిసారి స్టేజీ ఎక్కిన రోజునించీ ముందు వరసలో కూర్చునేవాడు. "ఇంజను తీసీసి పేరుపలక ఉంచీస్తే బండి నడిసిపోద్దేటిరా? రత్నం లేని బాయిలర్సు ఏటి బాయిలర్సు?" అంటున్నాయి వాడి పెదాలు. రత్నం అంటే నేనే. జెర్రీ వయసులో చిన్నవాడు, ఇండస్ట్రియల్ పార్కులో ఫేక్టరీ పని, వాడికి షాపు సంగతులన్నీ వాళ్ళ తాత చెప్పినవే. టీ ఊదుకుని నింపాదిగా అడిగినాడు. "ఓ మావా, ఓవరాలింగుకొచ్చిన ఇంజనుకి దాని బాయిలరే మళ్ళీ ఎక్కించీవోరా?" "ఎందుకెక్కిస్తాం, ఏది తయారుగుంటే అదే ఎక్కించీవోళ్ళం." "సక్రాలు?" "అయ్యీ అంతే." "మరి నంబరు?" జగ్గారావు అటు తిరిగి ఉమ్మినాడు. "సెప్పు మావా, నంబరు మార్సీవోరేటి?" "నంబరు అదే ఉంటాది." "మరింకేటి! బాయిలర్ మారినా ఇంజను అదే అన్నప్పుడు, పాటకాడు మారితే బ్యాండెందుకు సచ్చిపోద్ది?" బెంచీ మీద ఇంకెవరో నవ్వుతున్నారు. జగ్గారావు లేచి నిలబడిపోయినాడు. "ఓరెదవా, పాటకాడు బాయిలర్ కాదురా, కూత! మంచం మీద పండుకుని కూతని బట్టి ఏ ఇంజనో సెప్పీవోళ్ళం. ఆ కూత ఇంకో దానికొస్తాదేటి?" "కూత డ్రైవరు సేతిలోనుంటాది మావా." "నీ బొందలో ఉంటాది!" దీదీ గ్లాసు చూపించి ఏదో అంది, చా జుడియే జాచ్ఛే అనుకుంటాను, చల్లారిపోతోంది తాగమని. జగ్గారావు కూర్చోలేదు. "ఈ సాయంత్రం సూడు. రత్నం మైకట్టుకోనీ, ఆ టికెట్ల గుంట తట్టాబుట్టా సదురుకోవాల."

టికెట్ల గుంట అంటే తబిత, రైళ్ళలో టికెట్లు చూసే ఉద్యోగం, నా జాగాలో పాడుతున్న పిల్ల. నన్ను భయపెట్టేది ఆ పిల్ల కాదు, జెర్రీ కాదు. జగ్గారావు. నన్ను తిట్టేవాడి ముందు తప్పు పాడితే ఏమవుతుంది, వాడు నవ్వుతాడు, అంతే కదా. జగ్గారావు నవ్వడు. మొన్న విశ్వకర్మ పూజకి ఇండస్ట్రియల్ పార్కులో ప్రోగ్రాం చేసినాము, మధ్యలో చరణం అందుకోబోయి చూస్తే ఏమీ లేదు. చీకట్లో మెట్టుందనుకుని కాలేస్తే మెట్టు లేనట్టు. నోరు తెరుచుకుని నిలబడిపోయినాను, హెన్రీ ఏదో అయిందని గిటారు సాగదీసినాడు, వాయించిన ముక్కనే మళ్ళీ మళ్ళీ వాయించినాడు, జనం ఊగిపోయినారు. దిగినాక జగ్గారావు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఎంత మౌనమిచ్చినావు బావా, ఒళ్ళు జలదరించీసింది, ఎవుడివ్వగలడ్రా అలాటి మౌనం" అని అందరికీ చెప్పినాడు. మౌనం అంట. హెన్రీతో మాత్రం గొంతు పట్టేసిందని చెప్పి, కొన్నాళ్ళు ఇంకెవరినన్నా చూసుకోమన్నాను. హెన్రీ చూసుకున్నాడు. జనం హెన్రీ మీద పడ్డారు, కొత్త మొహం కోసం పాతవాణ్ణి తోసేసినాడని.

అప్పటినించి ఊరు రెండు ముక్కలైంది. ఊరే కాదు, ఎప్పుడో ఈ రైల్వే కాలనీలు ఒదిలి సముద్రాలు దాటి పెర్త్‌కి పోయినవాళ్ళు కూడా ఫోన్లలో దెబ్బలాడుకుంటున్నారు. అన్నమ్మ వంకాయలు తరుగుతూ నాకు చదివి వినిపిస్తుంది. రత్నం లేని బాయిలర్స్ ఉప్పులేని గంజి అని ఒకడు, గంజికి ఉప్పు ఎవరేసినా ఉప్పే అని ఇంకొకడు, బ్యాండంటే పాటలు గాని గొంతు కాదని హిజ్లీ కాలేజీ పిల్లాడు, ఆ పిల్ల పాడుతుంటే ఆ పాట మొదటిసారి అర్థమైందని ఎవరో ఆడమనిషి, దానికింద బూతులు. "నువ్వేటి అనవేటి?" అని అన్నమ్మ అడిగింది. కాకరకాయ తరుగుతోంది అప్పుడు. వంకాయా, కాకరకాయా? ఇందాక వంకాయన్నాను. ఈ రోజు పొద్దున్న ఏం కూర తిన్నాను? ఆగు. కంచం గుర్తుంది, అంచు సొట్ట గుర్తుంది, నీళ్ళ గ్లాసు గుర్తుంది. కూర ఏది? ఒద్దు, అటు పోకు. పెళ్ళాం పేరు అన్నమ్మ. గిటారు హెన్రీ. ఉండేది ఖరిదా. అన్నీ ఉన్నాయి. కూర ఎవరికైనా గుర్తుండదు.

పాడతావా అని హెన్రీ అడిగినప్పుడు కాదనాల్సింది. "మాటిచ్చీయ్ రత్నం, ఒక్క పాట పాడి నువ్వే ఆ పిల్ల సేతికి మైకిచ్చీ, నోళ్ళు మూతబడతాయి" అన్నాడు. అంతకుముందే జగ్గారావు మా ఇంటికి మిఠాయి డబ్బా పట్టుకొచ్చి, గుమ్మంలో నిలబడి ఏడ్చి ఉన్నాడు. "నాను సచ్చిపోయీలోపు ఇంకొక్కపాలి ఇనిపించు బావా" అన్నాడు. కాదనడానికి కారణం చెప్పాలి. కారణం చెప్పాలంటే మాటాడాలి. ఊఁ అన్నాను. హెన్రీకీ ఊఁ అన్నాను. పొద్దున్నే లేచి దొడ్లో నిలబడి పాడి చూసుకుంటే ఓరోజు వచ్చేది, ఓరోజు సగం వచ్చేది. నిన్న అంతా వచ్చింది. ఈ రోజు అసలు ఏమీ లేదు.

మా అమ్మకి మొదట పోయినవి పాటలే. ఎస్తేరమ్మంటే చర్చిలో పుస్తకం లేకుండా అన్నీ పాడే మనిషని పేరు. ఒక ఆదివారం నేను అటువైపు కూర్చుని ఆవిడ నోరు చూసినాను. పక్కవాళ్ళ నోళ్ళు చూసి ఊరికే కదుపుతోంది. చర్చిలో ఎవరికీ తెలీదు, నాకు తెలిసింది, పెదాలు చదివే పని కదా నాది. ఆ పెదాల మీద ఒక్క మాట లేదు, కదలిక మాత్రం ఉంది. ఎండుటాకు ఊగినట్టు. బయటికొచ్చినాక నేను చూసిన సంగతి ఆవిడకీ తెలిసింది, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తరువాత వీధులు పోయినాయి, తరువాత మనుషులు. ఒకరోజు డ్యూటీనించి వస్తే గుమ్మంలో నిలబడి "మీరెవరి తాలూకా బాబూ?" అంది. మీరు అంది నన్ను. నీ తాలూకాయేనమ్మా అన్నాను. నవ్వి, లోపలికి రమ్మని పీట వేసి, మొహమాటపడకుండా తినమని అన్నం పెట్టింది. కొడుక్కి పెట్టినట్టు కాదు, దారినపోయేవాడికి పెట్టినట్టు. లేవడం చేతకాక కూర్చున్నాను. ఇప్పుడు ఆ గుమ్మంలో నేను నిలబడ్డానేమో. నేనే అన్నమ్మని మీరు అంటానేమో. ఎప్పుడు మొదలవుతుంది అది, మొదలైపోయిందా?

డ్రమ్ము ఆగింది. ఆగితే ఇంకా భయంగా ఉంది. మొదటి మాట అగ్గితో మొదలవుతుందా, అమ్మతో మొదలవుతుందా. 'అ' కాదు, నోరు మూసుకుని తెరిచే మాట అది. పెదాలు రెండూ కలిసి విడిపోతాయి, అంతవరకు వచ్చింది, కలిపి విడిపోనిస్తే గాలి తప్ప ఏమీ రావడం లేదు. పా, బా, మా. పిల్లాడు మాటలు నేర్చుకుంటున్నట్టు ఇనప కుర్చీలో కూర్చుని పా, బా, మా అంటున్నాను. రావలసినవి రావు గాని అక్కరలేనివి అన్నీ వస్తున్నాయి, మూడో ఎక్కం, స్టేషన్లో పొద్దస్తమానం చెప్పే లోకల్ బండి కబురు, షాపు గోడమీద జాగ్రత్త జాగ్రత్త అని రాసిన ఎర్ర అక్షరాలు. పాటని పిలిస్తే ఇవి వస్తున్నాయి. వెనక తలుపుంది. అటునించి పోతే సందు, సందు చివర రిక్షాలు. పోతే? జగ్గారావు బెంచీ ఆ తలుపుకి ఎదురుగానే ఉంది.

తలుపు తెరిచింది తబిత. గుమ్మంలోంచే పెదాలు కదిపింది, గొంతు లేకుండా. "టీ తెచ్చీదేటి తాతా?" వాళ్ళ తాత కూడా మా షాపే, చెవులు రెండూ షాపుకే ఇచ్చేసి పింఛను పుచ్చుకున్నవాడు. ఆ ఇంట్లో పిల్లలంతా ఇలాగే మాటాడుతూ పెరిగినారు. తల అడ్డంగా ఊపినాను. వచ్చి నా పక్కన నేలమీదే కూర్చుంది. చేతులు ఒకదానిలో ఒకటి పెట్టి నలుపుకుంటోంది. ఈసారి గొంతుతోనే అంది. "నిన్న మెదినీపూర్ లోకల్లో ఒకడు టికెట్టడిగితే, రత్నం గారి జాగా దొంగిలించినదానివి నువ్వా నన్నడిగీది అన్నాడు తాతా. పెట్టె పెట్టంతా నవ్వినారు. నాకు పాడ్డం ఇష్టం. దొంగతనం ఇష్టం లేదు. ఈయేళ నీ పాట అయ్యాక దిగిపోమంటే దిగిపోతాను, మనసులో ఏటీ ఎట్టుకోకు." చెప్పేయాలి. ఎవరూ నీకు దొంగతనం అంటగట్టక్కర్లేదమ్మా, జాగా నేనే పారేసుకున్నాను అని. నోరు తెరిచినాను, "నీళ్ళు" అన్నాను. ఆ మాట అనగానే ఎక్కడో ఏదో కదిలింది, పాటలో ఏదో మూల దీపం వెలిగి ఆరిపోయినట్టు. సీసా ఇచ్చింది. తాగుతుంటే సగం ఒలికి చొక్కా తడిసింది. ఆ పిల్ల తడిని చూసింది, నా మొహం చూసింది. "నాకూ భయ్యంగానే ఉంది తాతా" అంది, ఇద్దరిదీ ఒకటే భయం అనుకుని. బయట హెన్రీ మైకులో నా పేరు చెప్తున్నాడు.

లైట్లు ఇంత తెల్లగా ఉంటాయని మర్చిపోయినాను. జనం లేచి నిలబడ్డారు, రత్నం దా, రత్నం దా అని, బెంగాలీలో అన్నా అని అరుస్తున్నట్టుంది, నా ఎడమచెవిలోకి గాలిలాగా దూరుతోంది. ముందు వరసలో జగ్గారావు, పక్కన జెర్రీ. తబిత స్టేజీ చివర నీడలో నిలబడింది. హెన్రీ మొదలుపెట్టినాడు. ఆ గిటారు నడక నా కాళ్ళకి తెలుసు, కాళ్ళు వాటంతట అవే ఆడుతున్నాయి, నడక వంపు తిరిగింది, ఇక్కడ నేను ఎత్తాలి, నోరు తెరిచినాను, వంపు దాటిపోయింది. ఏమీ లేదు. హెన్రీ నావైపు చూసి నవ్వి మళ్ళీ మొదటినించి వాయించినాడు, జనం ఈలలు వేసినారు, కావాలని ఊరిస్తున్నాననుకున్నారు. మళ్ళీ వంపు వస్తోంది. నోళ్ళు చూడు, నోళ్ళు చూడు అనుకున్నాను, మా అమ్మ చూసినట్టు. జగ్గారావు కళ్ళు మూసుకుని అప్పుడే రెండో చరణంలో ఉన్నాడు. జెర్రీ ఇంకేదో పాడుకుంటున్నాడు. వెనక ఒకామె నా పేరే అంటోంది. వందల నోళ్ళు, ఒక నోటికీ ఇంకో నోటికీ పొత్తు లేదు, ఏది నమ్మాలి, షాపంతా ఒక్కసారి మాటాడినట్టు కళ్ళు తిరిగినాయి. రెండోసారీ వంపు దాటింది. ఈలలు తగ్గినాయి. చెమట కళ్ళలోకి దిగింది. హెన్రీ నవ్వడం మానేసినాడు.

అప్పుడు తబిత కదిలింది. మైకు తీగ సర్దడానికన్నట్టు వచ్చి నా ముందు, జనానికి వీపు పెట్టి నిలబడింది. నా కళ్ళలోకి చూసి పెదాలు కలిపింది, విడదీసింది. మంట. మంట! గిటారు వంపు తిరిగింది, నేను పట్టుకున్నాను.

మంట నీటినడిగింది, ఎక్కడికే పోతావని,
నీరు మంటకు చెప్పింది, నువ్వు తోలితే పోతానని.

గొంతు ఉంది. గొంతు ఎక్కడికీ పోలేదు, బాయిలర్ రేకు చీల్చినట్టు లేచింది, జనం ఒక్కసారి కెరటంలాగా లేచినారు. ఎడమ కాలు తన్నవలసిన చోట తన్నింది. కానీ నేను ఎంత భయపడినానో పాటలో ఎవరికి వినపడుతుంది. ఒక్కొక్క వరస ఆ పిల్ల పెదాల మీద పుడుతోంది, నేను అందుకుని పాడి పారేస్తున్నాను, పాడినది పాడినట్టు పోతోంది, తరువాతది ఆ పెదాలు విడితేగాని లేదు. రెప్ప వేస్తే పోతుంది. ఆ పిల్ల తల తిప్పితే పోతుంది. ఆ పిల్లకి దగ్గొస్తే పోతుంది. ఎంత బాగుంది ఈ పాట, ఎవరు కట్టినారో అనిపించి, అలా అనిపించినందుకు ఒళ్ళు చల్లబడింది. కింద జగ్గారావు జెర్రీ భుజం పట్టుకుని ఊపేస్తున్నాడు. "సూసినావా! ఇదిరా రత్నమంటే! ఇంకోలు పాడగలరేటిది?" జెర్రీ ఒప్పుకున్నట్టు చేతులెత్తినాడు. వాళ్ళ వాదంలో నేను గెలిచినాను. పాడుతున్నది ఎవరో అంత జనంలో ఇద్దరికే తెలుసు.

పాట అయిపోయింది. ఇంకొకటి, ఇంకొకటి అంటున్నాయి అన్ని నోళ్ళూ, ఇప్పుడు అందరిదీ ఒకటే మాట. తబిత పక్కకి తప్పుకోబోయింది. నేను ఆ పిల్ల మణికట్టు పట్టుకున్నాను. ఆశీర్వదిస్తున్నాననుకుని జనం ఇంకా గట్టిగా కొట్టినారు. ఆ పిల్ల నావైపు తిరిగి, కళ్ళలో నీళ్ళు, పెదాలతో అడిగింది. "ఎన్నాళ్ళనించి తాతా?" మైకు మా మధ్యనే ఉంది. గొంతు తియ్యకుండా, షాపులో మాటాడినట్టు, నేనూ పెదాలే కదిపినాను. ఇంట్లో చెప్పలేదు, హెన్రీకి చెప్పలేదు, అక్కడ చెప్పినాను. "నాకేదీ గుర్తు లేదమ్మా. ఈ పాట నీదే."

చెప్పినాక గాని తట్టలేదు. ఆ పిల్ల జనానికి వీపు పెట్టి ఉంది, నేను జనానికి ఎదురుగా ఉన్నాను, నా నోటి మీద అంత వెలుగుంది. జగ్గారావు చప్పట్లు ఆగిపోయినాయి. రెండు చేతులూ గాలిలో అలాగే ఉండిపోయినాయి. నన్ను చూస్తున్నాడు. మా షాపువాడు.

అందరూ చప్పట్లు కొడుతుంటే వాడొక్కడే కొట్టకుండా నిలబడ్డాడు. ఇప్పుడు చెప్పేస్తాడు. వెనక్కి తిరిగి అందరికీ చెప్పేస్తాడు. పిల్ల చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాను. జెర్రీ వాడి మోచెయ్యి లాగి, "ఏటి మావా, ఏటంతన్నాడు రత్నం?" అని అడిగినాడు.

జగ్గారావు నామీంచి కళ్ళు తియ్యలేదు. పెదాలు ఓసారి కదిలి ఆగినాయి. మళ్ళీ కదిలినాయి.

"ఏటీ లేదురా. ఆ పిల్లని పాడమంతన్నాడు. కూకో, ఇను."